పాత కారు టోటల్ లాస్ అయింది: రిపేరా, తుక్కు వదిలేయడమా, తుక్కు ఉంచుకోవడమా?

తుమ్మలపెంట రోడ్డు మీద సాయంత్రం పూట గేదెలు ఇంటిదారి పట్టాయంటే ఇక దారి వాటిదే. కావలిలో ఉండే మా మామయ్యకు ఈ సంగతి కొత్త కాదు. అయినా 2024లో ఒక సాయంత్రం, రోడ్డు దాటిపోయిందనుకున్న గేదె మనసు మార్చుకుని వెనక్కి తిరిగింది. దాన్ని తప్పించబోయి ఆయన తన 2012 నాటి స్విఫ్ట్‌ను కల్వర్టు గోడకు కొట్టారు. ఆయన మోకాలు గీరుకుపోయింది. గేదె నెమరు కూడా ఆపలేదు. కారు ముందు భాగం మాత్రం రేడియేటర్‌తో సహా ఇంజన్ మీదికి ముడుచుకుపోయింది. ముందు అద్దానికి గీత కూడా పడలేదు.

పన్నెండేళ్ల బండికి బీమా డబ్బు ఎంత వస్తుంది, ఏ దారిలో వెళితే ఎక్కువ చేతికొస్తుంది అన్న లెక్క అప్పటి నుంచి రెండు నెలల పాటు మా ఇంట్లో నడిచింది. ఆ కాగితాలన్నీ నా దగ్గరే ఉన్నాయి కాబట్టి అంకెలతోనే చెబుతాను. మామయ్యకు ఉన్నది ఓన్ డ్యామేజ్ కలిసిన పూర్తి పాలసీ. ఉత్త థర్డ్ పార్టీ పాలసీ ఉన్నవాళ్లకు సొంత బండికి రూపాయి రాదు. ఎదుటి వాహనానిది తప్పయితే దాని యజమాని మీద, దాని బీమా సంస్థ మీద ట్రిబ్యునల్‌లో కేసు వేసుకోవచ్చు. గేదెకు పాలసీ ఎక్కడిది?

ముందుగా ఐడీవీ, అంటే ఇన్సూర్డ్ డిక్లేర్డ్ వాల్యూ. పాలసీ కాగితం మీద బండి విలువగా రాసి ఉండే అంకె ఇది. టోటల్ లాస్ అయితే, అంటే బాగు చేయించడం గిట్టదని తేలితే, మార్కెట్ విలువ కింద దీన్నే లెక్కగడతారు, పాలసీ నడుస్తున్న ఏడాదిలో మళ్లీ తరుగు తీయకూడదు. బండికి అయిదేళ్లు వచ్చేదాకా ఐడీవీకి పట్టిక ఉంది: రెండో ఏడాదిలో 20 శాతం తరుగు, మూడో ఏడాదిలో 30, నాలుగో ఏడాదిలో 40, అయిదో ఏడాదిలో 50. అయిదేళ్లు దాటాక పట్టిక లేదు. సంస్థ, యజమాని మాట్లాడుకుని ఒప్పుకున్నదే విలువ. ఆచరణలో మాట్లాడుకోవడం ఎక్కడుంది? రెన్యువల్ రోజున ఏజెంటు ఒక అంకె చెబుతాడు, లేదా ఫోను తెర మీద ఒక అంకె కనిపిస్తుంది, మనం డబ్బు కట్టేస్తాం. మామయ్య అలాగే 1,80,000కు ఒప్పుకున్నారు. ఆ పూట ఇంకో 20,000 పెంచమని అడిగి ఉంటే ప్రీమియం కొన్ని వందలే పెరిగేది. ప్రమాదం జరిగాక, "అదే మోడల్ బండ్లు నెల్లూరులో 2,20,000కు అమ్ముతున్నారు" అని ఎంత వాదించినా ప్రయోజనం లేదు. అటు సంస్థ కూడా, తాను ఒప్పుకుని ప్రీమియం తీసుకున్న విలువను తర్వాత "అది చాలా ఎక్కువ" అని కాదనడానికి వీల్లేదు. 2008లో సుప్రీంకోర్టు ఒక వాహన బీమా తగాదాలో ఇలాంటి ధోరణిని గట్టిగానే తప్పుపట్టింది. కాబట్టి ఐడీవీ మీద కొట్లాట రెన్యువల్ నాడే అయిపోతుంది. ప్రమాదం తర్వాత మిగిలేవి రెండు తగాదాలు: అసలు ఇది టోటల్ లాసేనా, తుక్కు ధర ఎంత.

రిపేరు దారి: 75 శాతం గీతకు అటా, ఇటా

బండిని బాగు చేసే ఖర్చు ఐడీవీలో 75 శాతం దాటితే దాన్ని టోటల్ లాస్‌గా లెక్కించాలి. మామయ్య బండికి ఆ గీత 1,35,000 దగ్గర పడుతుంది. వర్క్‌షాపు ఇచ్చిన ఎస్టిమేట్ 2,20,000. గీత ఎప్పుడో దాటేసింది కదా అని మేము నిశ్చింతగా ఉన్నాం.

నష్టం అంచనా వేయడానికి బీమా సంస్థ పంపిన సర్వేయర్ వచ్చి వేరే లెక్క చెప్పారు. పాలసీలో ఆ 75 శాతం వాక్యానికి ముందు "పాలసీ షరతులకు లోబడి" అన్న ముక్క ఉంటుంది. ఆ షరతుల్లో విడిభాగాల తరుగు ఒకటి. బండి పదేళ్లు దాటితే ఇనుప భాగాలకు 50 శాతం కోత. ప్లాస్టిక్, రబ్బరు, బ్యాటరీ, టైర్లకు బండి వయసు ఎంతైనా 50 శాతం. అద్దాలకు కోత లేదు, కానీ మాకు పగిలిన అద్దమే లేదు! ఎస్టిమేట్‌లో విడిభాగాలు 1,80,000. అందులో సగం పోతే 90,000. పనివాళ్ల కూలి 30,000 పూర్తిగా ఒప్పుకున్నారు. పెయింటింగ్ బిల్లు 10,000. అందులో నాలుగో వంతు రంగు ఖరీదుగా లెక్కగట్టి దానిలో సగం కోస్తారు కాబట్టి అది 8,750 అయింది. మొత్తం 1,28,750. గీతకు 6,250 తక్కువ.

అంటే బండి టోటల్ లాస్ కాదు, రిపేరు చేయించుకోవాలి. సంస్థ ఇచ్చేది, క్లెయిములో యజమాని భరించాల్సిన తప్పనిసరి మినహాయింపు 1,000 పోను, 1,27,750. మిగతా 92,250 మామయ్య జేబులోంచి పెట్టాలి. అదీ 1,80,000 విలువ కట్టిన బండికి. పాత బండ్ల యజమానులు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే. కొత్త బండికి జీరో డిప్రీసియేషన్ కవర్ ఉంటే ఈ కోత ఉండదు. పాతవాటికి ఆ కవరు సాధారణంగా ఇవ్వరు.

మామయ్య సంతకం పెట్టేసేవారే. "పోనీలే, ఎంతో కొంత" అనేది ఆయన స్వభావం. షెడ్డులో ఉన్న పెద్ద మేస్త్రీ మాత్రం గేర్‌బాక్సు కేసి చూస్తూ, "సార్, ఇది విప్పకుండానే రాసిన ఎస్టిమేట్. ముందు విప్పనివ్వండి" అన్నాడు. సర్వేయర్‌కు ఫోను చేసి, ఆయన ఎదుటే ఇంజన్ కిందికి దించారు. గేర్‌బాక్సు పెంకుకు వేలెడు పొడవున పగులు. నూనె మరక అడ్డు ఉండటంతో అంతకుముందు ఎవరి కంటా పడలేదు. అదనపు ఎస్టిమేట్ 16,000, కోత పోను 8,000. మొత్తం 1,36,750కి చేరింది. గీత 1,750 రూపాయలతో దాటాం.

కాబట్టి రిపేరు దారి విషయంలో నా తీర్పు ఇది. పదేళ్లు దాటిన బండికి, ఖర్చు ఐడీవీలో సగం దాటిందంటే, రిపేరు నష్టపు బేరం. దానికి ఒప్పుకునే ముందు బండిని పూర్తిగా విప్పించి, సర్వేయర్‌కు చూపించి, ఫొటోలు తీయించి, అదనపు ఎస్టిమేట్‌ను రాతపూర్వకంగా ఇప్పించండి. సర్వే నివేదిక నకలు అడగండి, అది అడిగే హక్కు మీకుంది. రిపేరు చేయించకుండా నగదు తీసుకునే క్యాష్ లాస్ అనే పద్ధతి కూడా ఉంది. రిపేరు లెక్క కంటే ఇంకాస్త తక్కువే వస్తుంది. బండిని సొంతంగా బాగు చేసుకోగల మెకానిక్కుకు తప్ప మిగతావాళ్లకు పనికిరాదు.

ఇంకో చిత్రం గమనించండి. ఐడీవీ 1,60,000 ఉండి ఉంటే గీత 1,20,000 దగ్గరే పడేది, గేర్‌బాక్సు విప్పకుండానే టోటల్ లాస్ అయ్యేది. చేతికి వచ్చేది మాత్రం 20,000 తగ్గేది. అయినా ఐడీవీ ఎక్కువ పెట్టుకోవడమే మేలని నేనంటాను. కారు దొంగతనానికి పోతే లెక్క మొత్తం ఆ అంకె మీదే కదా.

తుక్కు వదిలేయడమా, ఉంచుకోవడమా

టోటల్ లాస్ అని తేలాక మామయ్య ముందు రెండు కాగితాలు పెట్టారు. మొదటిది: బండిని వదిలేస్తే 1,80,000లో 1,000 పోను 1,79,000. రెండోది: బండి మీరే ఉంచుకోండి, తుక్కు విలువ 62,000 తగ్గించి 1,17,000 ఇస్తాం. ఏజెంటు రెండోదాన్నే మెచ్చుకున్నాడు. డబ్బు త్వరగా వస్తుందట, తుక్కు మీద ఇంకా మిగులుతుందట.

ఆ 62,000 సంస్థ పెట్టిన ఆన్‌లైన్ వేలంలో ఎక్కడో దూరాన ఉన్న కొనుగోలుదారు వేసిన అంకె. మేము నెల్లూరు ఆటోనగర్‌కు వెళ్లి నలుగురిని అడిగాం. ముగ్గురు 40,000 దాటలేదు. నాలుగో ఆయన కారు ఫొటో చూడకుండా 50,000 అన్నాడు, చూశాక 45,000 అన్నాడు. బండి ఉంచుకుంటే మాకు మొత్తం దక్కేది 1,17,000, 45,000 కలిపి 1,62,000. వదిలేస్తే 1,79,000. తేడా 17,000. పైగా వర్క్‌షాపు నుంచి బండిని లాగించుకునే ఖర్చు, అది తెగేదాకా ఇంటి ముందు పడి ఉండటం.

అందుకే వదిలేసే దారే ఎంచుకున్నాం. ఇక్కడ మాత్రం ఒక మెలిక ఉంది. చాలాసార్లు సంస్థ మొత్తం డబ్బు తానే ఇవ్వదు. 1,17,000 తాను వేసి, 62,000 వేలంలో పాడుకున్న వ్యక్తి నుంచి తీసుకోమంటుంది. ఆ వ్యక్తి వచ్చి బండి చూసి, "ఇంత పాడైందని ఫొటోలో కనిపించలేదు, 50,000 ఇస్తాను" అని బేరం మొదలుపెట్టవచ్చు. మా దగ్గర అదే జరిగింది. మామయ్య మొహమాటంగా నా వైపు చూశారు. "మామయ్యా, ఆ 62,000 మీ ఖాతాలో పడ్డాకే తాళాలు ఇవ్వండి. ఆయన కొననంటే ఆ మాట సంస్థకే చెప్పండి, వాళ్ల అంకె వాళ్లే నిలబెట్టుకోవాలి" అన్నాను. వాళ్లు చెప్పిన అంకెకు వేలం గడువు లోపల కొనేవాడు లేకపోతే, ఆ 62,000ను మీ లెక్కలోంచి కోయడానికి ఆధారమే ఉండదు. ఈ మాట మెయిల్‌లో రాశాం. రెండు రోజుల్లో ఆ కొనుగోలుదారే పూర్తి మొత్తం వేశాడు.

ఉంచుకోవడం ఎవరికి మేలు? తుక్కుకు సంస్థ కట్టిన ధర కంటే ఎక్కువ ఇస్తానని చేతిలో డబ్బు పట్టుకుని వచ్చినవాడు మీకు దొరికితే. లేదా మీదే షెడ్డు అయితే. చీమకుర్తి వైపు గ్రానైట్ క్వారీలకు బండ్లు తిప్పేవాళ్లలో కొందరు పాత జీపులను ఇలాగే ఉంచుకుని, ఒకదాని ఇంజన్ ఇంకోదానికి వేసుకుంటారు. వాళ్లకు ఆ లెక్క వేరు.

ఏ దారైనా ఆర్సీ సంగతి తేల్చకుండా బండిని పంపకండి. బండి ఇక పనికిరాదని తేలితే మోటారు వాహనాల చట్టం 55వ సెక్షన్ ప్రకారం 14 రోజుల్లో రిజిస్ట్రేషన్ అధికారికి తెలపాలి. రద్దు కాకుండా ఆర్సీతో సహా అమ్ముడైతే పేరు మార్పు పూర్తి చేయించాలి. లేకపోతే ఆ చాసిస్ నంబరు దొంగ బండికి ఎక్కవచ్చు. లేదా ఎవరో బాగు చేసి రోడ్డెక్కించి ఎవరినైనా గుద్దితే నోటీసు మీ ఇంటికే వస్తుంది. రిజిస్టరులో ఎవరి పేరు ఉందో వారే యజమాని అని 2018లో సుప్రీంకోర్టు తేల్చి చెప్పింది. ఖాళీ ఫారాల మీద సంతకాలు పెట్టి ఇచ్చేసే అలవాటు మన దగ్గర ఎక్కువ. మామయ్య కూడా పెట్టబోయారు.

వరదలో మునిగిన బండ్లకు ఒక్క ముక్క. 2021 నవంబరులో పెన్నా పొంగినప్పుడు నీళ్లు తగ్గగానే తాళం తిప్పి చూసినవాళ్లున్నారు. నీళ్లున్న ఇంజన్‌ను స్టార్ట్ చేస్తే, ఆ తర్వాత జరిగిన నష్టం వరద వల్ల కాదని కోసేస్తారు. తాళం ముట్టుకోకుండా లాగించుకెళ్లండి.

ఒప్పుకోకపోతే: అంబుడ్స్‌మనా, వినియోగదారుల కమిషనా

మాకు ఇంతదూరం పోవాల్సిన పని పడలేదు, కానీ మెయిల్స్ రాసేటప్పుడు రెండూ చూసి పెట్టుకున్నాను. ముందు సంస్థ ఫిర్యాదుల విభాగానికి రాతపూర్వకంగా ఇవ్వాలి. నెల రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చినది నచ్చకపోయినా, బీమా తగాదాలు విని తీర్పు చెప్పే అధికారి అయిన బీమా అంబుడ్స్‌మన్ దగ్గరకు వెళ్లవచ్చు. మనకు హైదరాబాద్ కార్యాలయం వర్తిస్తుంది. ఫీజు లేదు, వకీలు అవసరం లేదు, 50 లక్షల దాకా తగాదాలు చూస్తారు. విచారణ వీడియోలో కూడా జరగవచ్చు. సంస్థ జవాబు వచ్చిన ఏడాది లోపల వెళ్లాలి. తీర్పు సంస్థకు కట్టుబాటు. మీకు నచ్చకపోతే మీరు కాదని కమిషన్‌కు పోవచ్చు.

జిల్లా వినియోగదారుల కమిషన్లు నెల్లూరులో, ఒంగోలులో ఉన్నాయి. గడువు రెండేళ్లు. మానసిక వేదనకు, ఖర్చులకు కూడా అడగవచ్చు. కట్టిన ప్రీమియం అయిదు లక్షల లోపు కాబట్టి ఫీజు ఉండదు. కానీ వాయిదాలుంటాయి, ఓడిన సంస్థ పైకి అప్పీలుకు పోవచ్చు. 20,000, 30,000 తేడా కోసమైతే అంబుడ్స్‌మనే మేలు. ఒకసారి కమిషన్‌లో కేసు వేశాక అంబుడ్స్‌మన్ ఆ ఫిర్యాదు తీసుకోరు కాబట్టి వరస కూడా అదే. క్లెయిమును మొత్తంగానే తిరస్కరించి, బండి మీదే ఇల్లు గడిచేవారికి నెలల తరబడి నష్టం జరిగితే మాత్రం నేరుగా కమిషన్‌కే వెళ్లమంటాను, ఎందుకంటే బండి విలువకు మించిన పరిహారం అక్కడే అడగగలరు.