కండలేరు వెంట: పెంచలకోన నుంచి కృష్ణపట్నం దాకా

కండలేరు అనగానే అందరికీ డ్యామే గుర్తొస్తుంది. కానీ ఆ పేరు అసలు ఒక చిన్న ఏరుది. వెలిగొండల్లో పెంచలకోన దగ్గర పుట్టి, నెల్లూరు–గూడూరు మధ్య హైవే దాటి, కృష్ణపట్నం దగ్గర సముద్రంలో కలుస్తుంది. డ్యాము చూసి వచ్చేవాళ్లలో ఏరు చూసినవాళ్లు తక్కువ. అందుకే ఈ కార్తీకంలో దాని వెంటే వెళ్లాం.

వెళ్తే ఆ రోజుల్లోనే వెళ్లాలి. నెల్లూరు సీమకు నైరుతి కంటే ఈశాన్య రుతుపవనాల వానలే ఎక్కువ. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వాయుగుండాలు పట్టాయంటే కొండవాగులన్నీ పొంగుతాయి. నడి ఎండాకాలంలో వెళ్తే పెంచలకోన గుళ్లో నరసింహస్వామి దర్శనం దొరుకుతుంది గానీ ఏరు కనపడదు.

నెల్లూరు నుంచి పొదలకూరు, రాపూరు మీదుగా పెంచలకోన దాదాపు 80 కిలోమీటర్లు. ఆర్టీసీ బస్సులున్నాయి. శనివారం రద్దీ బాగా ఉంటుంది కాబట్టి మామూలు రోజు చూసుకోండి. ముందు ఒక ప్రైవేటు లాడ్జికి ఫోన్ చేసి అడ్వాన్సు కూడా పంపాం. తీరా వెళ్తే మా గది వేరేవాళ్లకు ఇచ్చేశారు, చిన్నపిల్లలతో ఉన్నామని చెప్పినా పట్టించుకోలేదు. చివరికి దేవస్థానం గదే ఆదుకుంది. సాదా గది, కానీ శుభ్రంగా ఉంది. గుళ్లో అన్నప్రసాదం కడుపునిండా పెట్టారు.

ఇక్కడ నరసింహస్వామిది పెనవేసుకున్న శిలల రూపం. కణ్వ మహర్షి ఈ కోనలో తపస్సు చేశాడనీ, ఏటికి ఆయన పేరే వచ్చిందనీ స్థలపురాణం. గుడి దాటి పైకి నడిస్తే బండల మధ్య నీళ్లు దూకుతుంటాయి. ఈ కొండలు ఎక్కువగా క్వార్ట్‌జైట్ రాయి. రాయి నీటిని పీల్చుకోదు, వాలు నిటారు. అందుకే వాన పడిన కాసేపటికే వరద దిగుతుంది, అంతే త్వరగా తగ్గిపోతుంది. పగుళ్లలోకి ఇంకిన కొద్ది నీరే తర్వాత ఊటగా వస్తూ మడుగులను నిలబెడుతుంది. ఆ మడుగుల దగ్గర షాంపూ ప్యాకెట్లు, ప్లాస్టిక్ గ్లాసులు చూస్తే కడుపు తరుక్కుపోయింది. చుట్టూ అడవి 1997లో ప్రకటించిన పెనుశిల నరసింహ అభయారణ్యం. దారి తెలిసిన స్థానికుల్ని వెంటపెట్టుకుని, అటవీ సిబ్బందిని అడిగే పైకి వెళ్లండి.

చెల్లాయపాళెం దగ్గర డ్యాము కట్ట చూడాల్సిందే. దాదాపు 11 కిలోమీటర్ల మట్టికట్ట, 68 టీఎంసీల జలాశయం. ఇంత నీరు ఈ చిన్న ఏరు ఎక్కడ తెస్తుంది? చాలా భాగం పెన్నా మీది సోమశిల జలాశయం నుంచి కాలువలో వచ్చేదే: పెన్నా నీళ్లు, చెన్నైకి తాగునీరిచ్చే తెలుగుగంగ పథకం ద్వారా కృష్ణా నీళ్లు. ఈ పథకానికి 1983లో తమిళనాడుతో ఒప్పందం కుదిరింది, 1996లో మొదటిసారి నీళ్లు సరిహద్దు దాటాయి. ఇక్కడి నుంచి చెన్నై దగ్గరి పూండి జలాశయం దాకా కాలువే. సౌకర్యాల మాటకొస్తే, మాకు కట్ట మీద నీడ గానీ టాయిలెట్ గానీ కనపడలేదు. మంచినీళ్లు, తిండి రాపూరులోనే తీసుకోండి.

డ్యాము దిగువన ఏరు సన్నబడిపోతుంది. ఇసుకలో చెలమ తీస్తే గానీ నీరు కనపడని చోట్లున్నాయి. నాకు ఈ ప్రయాణంలో ఎక్కువ బాధనిపించింది ఇక్కడే. ఊరి ఏటి పేరు పెట్టుకున్న జలాశయం అంత నిండుగా ఉంటే, ఆ ఏటికి మాత్రం ఏడాదిలో కొన్ని నెలలైనా కాస్త నీరు వదలాలి కదా!

కృష్ణపట్నం వైపు వచ్చేసరికి అదే ఏరు వెడల్పాటి ఉప్పుటేరు. పోటుకు సముద్రపు నీరు లోపలికి ఎక్కుతుంది. ఆ ఉప్పునీళ్లే రొయ్యల చెరువులను రప్పించాయి. చెరువుల నీరు మళ్లీ ఈ ఏట్లోకే వదిలి, ఈ ఏటి నుంచే తోడుకోవడంతో రోగం ఒక చెరువు నుంచి ఇంకో చెరువుకు సులువుగా పాకుతుంది. 1994 ప్రాంతంలో వైట్ స్పాట్ అనే రొయ్యల వైరస్ రోగం వచ్చి ఇక్కడి రైతుల్ని కుదిపేసింది. 2008లో కొత్త పోర్టు మొదలయ్యాక లారీలు పెరిగాయి, దుమ్ము కూడా. బస చేయాలనిపించలేదు. నెల్లూరు వెళ్లి పడుకోవడం నయం, రాత్రికి చేపల పులుసూ దొరుకుతుంది.

ఒక్కరోజే ఉంటే డ్యాము, పోర్టు వదిలేసి పెంచలకోనకే వెళ్లండి. వాయుగుండం హెచ్చరిక ఉన్నప్పుడు మాత్రం కొండ ఎక్కొద్దు. వాన తెరిపిచ్చిన రెండు మూడు రోజులకు నీళ్లు తేటపడతాయి, అప్పుడు బయల్దేరండి.