ఎంజీబీకి ‘నేరుగా సరిపోయే’ కొత్త సీట్లు కొంటున్నారా? జాగ్రత్త!

ఇంగ్లండులోనో అమెరికాలోనో ఉంటూ ఎంజీబీ అనే పాత బ్రిటిష్ స్పోర్ట్స్ కారు కొనుక్కున్న మనవాళ్ళు, కొనాలని చూస్తున్నవాళ్ళు కాస్త ఆగి ఇది చదవండి. ఈ కారు కోసమే చేశామని చెప్పి అమ్ముతున్న కొత్తరకం సీట్ల జత ఒకటి మా 1972 రోడ్‌స్టర్‌కి (పైకప్పు తెరిచే రకం ఎంజీబీ) వేయించాను. డబ్బు సంగతి అలా ఉంచండి, కారు ఫ్లోరు పాడైంది. దానికన్నా పెద్ద సంగతి, మా ఆవిడ ఆ సీట్లో కూర్చున్నప్పుడు ఏదైనా వచ్చి గుద్ది ఉంటే బెల్టు ఆమెను ఆపి ఉండేదన్న నమ్మకం నాకు లేదు. ఇంకొకరికి ఇలా జరక్కూడదని రాస్తున్నాను.

కొత్త సీట్లు కావాలనుకోవడంలో తప్పేమీ లేదు. ఎంజీబీ 1962 నుంచి 1980 దాకా ఇంగ్లండులోని ఆబింగ్డన్‌లో తయారైంది. మా కారు సీట్లలో కుషన్ కింద స్ప్రింగులుండవు, ఫ్రేముకి కొక్కేలతో తగిలించిన రబ్బరు షీటు ఉంటుంది. ఏళ్ళు గడిచేకొద్దీ అది సాగి, పగిలి, చిరుగుతుంది. గంటసేపు నడిపితే నడుము పట్టేస్తుంది. పైగా మా కారుకి హెడ్‌రెస్ట్ లేదు. అమెరికాలో 1969 నుంచి కొత్త కార్లకి హెడ్‌రెస్ట్ తప్పనిసరి చేశారు కాబట్టి అక్కడికి వెళ్ళినవాటికి ఉంటుంది. ఇక్కడ ఇంగ్లండులో తిరిగే ఆ కాలపు కార్లలో లేనివే ఎక్కువ కనిపిస్తాయి. సిగ్నల్ దగ్గర ఆగి ఉండగా వెనక నుంచి ఎవరైనా గుద్దితే మెడ ఏమవుతుంది? ఆ భయంతోనే వెతకడం మొదలుపెట్టాను.

ప్రకటనలో స్పష్టంగా రాశారు: పాత బోల్టు రంధ్రాల్లోనే కూర్చుంటాయి, కోత లేదు, వెల్డింగు లేదు. రెండు సీట్లకీ కలిపి 900 పౌండ్లు దాటింది. బిగింపు కూడా వాళ్ళ షెడ్డులోనే, వాళ్ళ మనిషే చేశాడు. వాళ్ళ పేరు ఇక్కడ రాయడం లేదు. ఇలాంటి కిట్లు అమ్మేవాళ్ళు ఇంకా ఉన్నారు కాబట్టి పేరు కన్నా సరుకుని గుర్తుపట్టడం మీకు ఎక్కువ అవసరం.

ఇంటికొచ్చిన కొద్దిరోజులకే తేడా తెలిసింది. బ్రేకు గట్టిగా తొక్కినప్పుడల్లా డ్రైవరు సీటు వెనక మూల ఒకటి లేచి పడుతోంది. ఎంజీ కార్ల మీద చెయ్యి తిరిగిన ఒక పెద్దాయన దగ్గరికి తీసుకెళ్ళాను. సీటు ముందుకు జరిపి వెనక బోల్టుకి అరంగుళం స్పానర్ పెట్టారాయన. ఎక్కలేదు. పదమూడు మిల్లీమీటర్లది పెడితే ఎక్కింది. ఇంకేం చూడక్కర్లేకుండానే ఆయనకి విషయం అర్థమైపోయింది.

ఎంజీబీ మొత్తం అంగుళాల లెక్కల బండి. సీటు రన్నర్లని (సీటు ముందుకీ వెనక్కీ జరిగే పట్టాలని) పట్టి ఉంచేవి 5/16 అంగుళం యూఎన్ఎఫ్ బోల్టులు. యూఎన్ఎఫ్ అంటే అంగుళాల లెక్కలో సన్న త్రెడ్డు. అవి ఫ్లోరు రేకుకి వెల్డు చేసి ఉన్న నట్లలోకి దిగుతాయి. కిట్‌తో వచ్చినవి ఎం8 అనే మిల్లీమీటర్ల లెక్క బోల్టులు. 5/16 అంటే 7.94 మిల్లీమీటర్లు, ఎం8 అంటే 8. కంటికి రెండూ ఒకటే. కానీ 5/16 యూఎన్ఎఫ్‌కి అంగుళానికి 24 చుట్లు, మామూలు ఎం8కి 20 చిల్లర. అందుకని ఎం8ని చేత్తో తిప్పితే ఒకటి రెండు చుట్లు దిగి బిగుసుకుపోతుంది. పని తెలిసినవాడు అక్కడ ఆగిపోతాడు. ఎయిర్ గన్ పెట్టి కొడితే మాత్రం నట్టు త్రెడ్డుని తినేస్తూ లోపలికి పోతుంది. పైనుంచి చూసేవాడికి బ్రహ్మాండంగా బిగిసినట్టే ఉంటుంది.

ఊడదీసిన బోల్టుని ఆయన నా అరచేతిలో పెట్టారు. కొసన రెండు మూడు చుట్లు మాత్రం నలిగి తళతళలాడుతున్నాయి, వాటి సందుల్లో వెంట్రుకంత సన్నటి ఇనుప పోగులు చిక్కుకుని ఉన్నాయి. మిగతా బోల్టంతా కొత్తగా, నల్లగా అలాగే ఉంది. అంటే ఆ మూలని పట్టుకుని ఉన్నది ఆ రెండు చుట్లే. ఇంకో మూలన నట్టు వెల్డు ఊడిపోయి బోల్టుతోపాటు గిర్రున తిరుగుతోంది. మరో చోట పాత రంధ్రం కలవక రేకులో కొత్త బెజ్జం వేసి, కింద చిన్న వాషరొకటి పెట్టి బిగించేశారు. ఈ కారులో బ్యాటరీ సీట్ల వెనక ఉంటుంది. అక్కణ్ణుంచి ముందుకెళ్ళే లావు కేబులు, పెట్రోలు పైపు ఫ్లోరు కింద నుంచే పోతాయి. డ్రిల్లు వాటికి తగల్లేదు కాబట్టి ఈ మాత్రంతో పోయింది. పాత రన్నర్ల కింద ఉండాల్సిన చెక్క పట్టీలు, ఇనుప స్పేసర్లు తీసేసి పల్చటి అడాప్టర్ ప్లేట్లు పెట్టారు. ప్లేటు అంచుని వేళ్ళతో నొక్కితేనే వంగుతోంది.

ఎంజీబీకి విడిగా ఛాసిస్ లేదు. ఫ్లోరు, సిల్స్ (తలుపుల కింది పక్క దూలాలు), రెండు సీట్ల మధ్య ఉబ్బెత్తుగా ఉండే టన్నెల్, ఇవన్నీ కలిసే ఆ కారు బలం. రంధ్రాలు పెద్దవైన చోట పాత రేకు కోసి కొత్త రేకు వెల్డు చేయించాల్సి వచ్చింది. నడుము నొప్పికని మొదలుపెడితే, కొండ నాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టయింది.

ఇక అసలు భయం బెల్టు గురించి. దయచేసి ఇది మాత్రం రెండుసార్లు చదవండి. ఎంజీబీలో బెల్టు బకిల్ సీటుకి ఉండదు, టన్నెల్‌కి బిగించి ఉంటుంది. బెల్టు రెండో కొస బయటివైపు కారు బాడీకే. ఆ బోల్టులు 7/16 యూఎన్ఎఫ్, అంటే 11 మిల్లీమీటర్ల లావు. సీటుని పట్టి ఉంచేవి మాత్రం 8 మిల్లీమీటర్ల లోపువి. ఈ తేడా ఊరికే పెట్టలేదు. ఆ రోజుల్లో సీటు బోల్టులు మొయ్యాల్సింది సీటుని, కూర్చున్న మనిషిని. గుద్దుకున్నప్పుడు బెల్టు మీద పడే లాగుడు నేరుగా బాడీకి వెళ్ళిపోయేది. ఇప్పటి కార్లలో చాలావాటికి బకిల్ సీటు ఫ్రేముకే ఉంటుంది. సీటుతోపాటు జరగడానికి అదే అనువు. కాకపోతే ఆ కార్లలో సీటు కాళ్ళు, రన్నర్లు, కింద ఫ్లోరు అన్నీ ఆ బరువుకి తగ్గట్టే చేస్తారు.

మాకు అమ్మిన సీట్లకి ఫ్రేము పక్కన బకిల్ ఉంది. బిగించినవాడు దాన్నే వాడేసి, టన్నెల్ మీది పాత బకిల్ తీసి కార్పెట్ కిందకి తోసేశాడు. అంటే ప్రమాదంలో మనిషిని ఆపే లాగుడులో పెద్ద వాటా ఆ అరిగిన త్రెడ్డు మీద, ఆ వంగే ప్లేటు మీద పడుతుంది. సీటూ, బెల్టూ, మనిషీ కలిసి ముందుకి వచ్చేస్తారు. బకిల్ ఉన్న సీటే తీసుకున్నా సరే, దాన్ని వదిలేసి కారు టన్నెల్‌కి ఉన్న 7/16 బోల్టు యాంకర్‌నే (బకిల్ బిగించే చోటునే) వాడమని పట్టుబట్టండి.

మిగతా తిప్పలు చిన్నవే. ఈ కారులో హ్యాండ్‌బ్రేకు టన్నెల్‌కీ డ్రైవరు సీటుకీ మధ్య ఉంటుంది. కొత్త సీటు పక్కలు ఉబ్బెత్తుగా ఉండటంతో లివరు పూర్తిగా కిందకి దిగేది కాదు, వెనక బ్రేకు డ్రమ్ములు పట్టేసి వేడెక్కేవి. సీటు ఎత్తు పెరిగి తొడలు స్టీరింగుకి తగిలేవి, ముందు అద్దం పైపట్టీ సరిగ్గా కళ్ళకి అడ్డమొచ్చేది.

కొత్తవి వద్దు, పాత మాజ్దా ఎంఎక్స్-5 సీట్లు వేసుకుందామనుకునేవాళ్ళు చాలామంది ఉన్నారు. 1989లో వచ్చిన మొదటి తరం సీట్లు ఎంజీబీలో వేయడం ఇక్కడ ఎప్పటినుంచో ఉన్న పనే. దానికీ కాళ్ళు కోసి అడుగు మార్చాల్సిందే, బకిల్ విషయమూ అంతే. ఏ కారుదైనా ఇంకా కొత్త తరం సీట్ల జోలికి వెళ్ళేటప్పుడు కింద పసుపు రంగు ప్లగ్గు ఉందేమో చూడండి. ఉంటే లోపల సైడ్ ఎయిర్‌బ్యాగో, ప్రమాదంలో బెల్టుని లాగి బిగించే పేలుడు క్యాప్సూలో ఉన్నట్టు. దానికి మీటరు పెట్టి చూడకండి, ఇంట్లో విప్పకండి.

అమ్మినవాళ్ళు ఏమన్నారంటే, బిగించాక వెనక్కి తీసుకోం, పైగా రంగు మీరు ఎంచుకున్నారు కాబట్టి ఇది ఆర్డరు సరుకు అన్నారు. రెండూ చెల్లవు. చెప్పినట్టు లేని సరుకుని, లోపమున్న సరుకుని ఇక్కడి 2015 నాటి కన్స్యూమర్ రైట్స్ యాక్ట్ కింద మొదటి 30 రోజుల్లో తిప్పికొట్టి డబ్బు పూర్తిగా అడగొచ్చు. ఆర్డరు మీద చేయించినదైనా లోపముంటే ఆ హక్కు పోదు. క్రెడిట్ కార్డుతో కట్టి, వస్తువు ధర 100 పౌండ్లు దాటి 30,000 లోపు ఉంటే, 1974 కన్స్యూమర్ క్రెడిట్ యాక్ట్ 75వ సెక్షన్ ప్రకారం కార్డు కంపెనీ కూడా అమ్మినవాడితో సమానంగా బాధ్యురాలు. డెబిట్ కార్డుకి ఇది వర్తించదు. సీట్ల డబ్బు నాకు ఆ దారిలోనే వచ్చింది. ఫ్లోరు ఖర్చు మీద ఇంకా ఉత్తరాలు నడుస్తున్నాయి.

నలభై ఏళ్ళు దాటి, పెద్ద మార్పులేమీ జరగని కార్లకి ఇక్కడ ఎంఓటీ పరీక్ష (ఏటా కారు రోడ్డుకి పనికొస్తుందో లేదో చూసేది) తప్పనిసరి కాదు. కాబట్టి ఇలాంటి బిగింపుని ఏడాదికోసారి చూసి తప్పు పట్టేవాళ్ళు ఎవరూ ఉండరు. ఇన్సూరెన్సు వాళ్ళకి సీట్లు మార్చిన సంగతి ముందే చెప్పండి, లేకపోతే క్లెయిము దగ్గర పేచీ వస్తుంది.

డబ్బు కట్టేముందు అమ్మేవాణ్ణి అడాప్టర్ ప్లేటు మందమెంతో, బోల్టు త్రెడ్డు ఏదో, బకిల్ ఎక్కడ బిగిస్తారో రాతపూర్వకంగా ఇమ్మనండి. మీ కారులాంటి కారులోనే బిగించిన సీటు అడుగు ఫోటో కూడా అడగండి. నసిగితే వదిలేయండి. నేను పాత ఫ్రేములకే కొత్త రబ్బరు షీటు, ఫోము వేయించాను. అయిన ఖర్చు కొత్త సీట్లలో సగం కూడా లేదు. మెడ భయం మాత్రం అలాగే ఉంది, హెడ్‌రెస్ట్ పట్టే ఆ కాలపు అసలు ఫ్రేముల కోసం చూస్తున్నాను.

ఇప్పటికే కొత్త సీట్లు వేయించుకున్నవాళ్ళు ఈ వారాంతం ఒక పని చేయండి. సీటు వెనక్కి నెట్టి ముందు బోల్టులకి, ముందుకి లాగి వెనక బోల్టులకి అరంగుళం స్పానర్ పెట్టి చూడండి. ఎక్కకపోతే బోల్టులు ఊడదీయించి, నట్లు చూపించేదాకా ఆ సీట్లో ఎవర్నీ కూర్చోబెట్టకండి.