అమ్మానాన్నలతో వైజాగ్ నుంచి మెల్‌బోర్న్: ఎక్కడ సుఖపడ్డాం, ఎక్కడ విసిగాం

వైజాగ్ ఎయిర్‌పోర్టుకి అలవాటు పడ్డవాళ్లకి బయటి ఎయిర్‌పోర్టులంటే కాస్త దడే. ఇక్కడ ఎన్‌ఏడీ జంక్షన్ దాటితే వచ్చేసినట్టే, లోపల తప్పిపోదామన్నా చోటు లేదు. నేవీ వాళ్ల ఐఎన్‌ఎస్ డేగా రన్‌వే మీదే మన విమానాలూ దిగుతాయి. చెల్లి దగ్గరికి అమ్మనీ నాన్నగారినీ తీసుకెళ్లాల్సి వచ్చినప్పుడు టికెట్ ధర కంటే ముందు నేను చూసుకున్నది, దారిలో బ్యాగులు ఎన్నిసార్లు దించి ఎక్కించాలన్నది.

వెళ్లేటప్పుడు సింగపూర్ మీదుగా వెళ్లాం. వైజాగ్ నుంచి స్కూట్ విమానం నేరుగా ఉంది, సుమారు నాలుగు గంటల ప్రయాణం. మెల్‌బోర్న్ దాకా ఒకే బుకింగ్ కావడంతో బ్యాగులు మళ్లీ అక్కడే కనిపించాయి. తక్కువ ధర విమానం కాబట్టి తిండికి వేరే డబ్బులు. అమ్మ పులిహోర కట్టింది, ఆ గొడవ లేదు.

సింగపూర్ చాంగీ ఎయిర్‌పోర్టులో దిగగానే నాన్నగారు "ఏటిది, ఊరంతుంది!" అన్నారు. నిజమే. కానీ ఎవరినీ దారి అడగాల్సిన పని పడలేదు. తలెత్తితే బోర్డు ఉంటుంది, నడవలేకపోతే కదిలే బాట ఉంటుంది, కొద్ది దూరంలోనే మంచినీళ్లూ టాయిలెట్లూ ఉంటాయి. కాళ్లు నొక్కే మెషీన్లు కూడా ఉచితమే, అమ్మ వాటిని వదలలేదు. ఒక్క సంగతి మాత్రం పెద్దవాళ్లతో వెళ్లేవాళ్లు గుర్తుంచుకోవాలి. మొదటి మూడు టెర్మినళ్లలో సెక్యూరిటీ చెకింగ్ గేటు దగ్గరే జరుగుతుంది. అది దాటి లోపల కూర్చున్నాక చాలా గేట్లలో టాయిలెట్ ఉండదు, సీసాలో నీళ్లు కూడా ముందే పారబోయాలి. ఇంత ఆలోచించి కట్టినవాళ్లు దీన్ని ఇలా ఎందుకు వదిలేశారో!

అందరూ ఫోటోలు పెట్టే 40 మీటర్ల జలపాతం ఉన్నది ఎయిర్‌పోర్టుని ఆనుకున్న జ్యువెల్ అనే మాల్‌లో. అది ఇమిగ్రేషన్ బయట, మనకి మామూలుగా సింగపూర్ వీసా కావాలి. బయటికి వెళ్లకుండా చూడాలంటే రెండో, మూడో టెర్మినళ్ల మధ్య తిరిగే స్కైట్రైన్ ఎక్కితే చాలు, అది జ్యువెల్ లోపలి నుంచే వెళ్తుంది. టికెట్ లేదు. పడుకోవాలంటే లోపలే గంటల లెక్కన గదులిచ్చే ట్రాన్సిట్ హోటళ్లు ఉన్నాయి. ధర ఎక్కువే అయినా, ఆరేడు గంటలు ఆగాల్సి వస్తే పెద్దవాళ్ల కోసం పెట్టొచ్చు.

తిరుగు ప్రయాణం మెల్‌బోర్న్ నుంచి ఢిల్లీకి నేరుగా. విమానం బాగానే ఉంది, అలసటంతా ఢిల్లీలో దిగాకే. విదేశం నుంచి వచ్చి ఇక్కడ లోకల్ విమానం ఎక్కేవాళ్లు మామూలుగా మొదట దిగిన చోటే బ్యాగులు తీసుకుని, కస్టమ్స్ దాటి, మళ్లీ అప్పగించాలి. హైదరాబాద్ మీదుగా వచ్చినా అంతే. అదే సింగపూర్ నుంచి ఒకే బుకింగ్‌లో వస్తే కస్టమ్స్ వైజాగ్‌లోనే. ఢిల్లీలో ఇంకో మెలిక ఉంది: వైజాగ్ విమానం మూడో టెర్మినల్ నుంచి కాక ఒకటో దాని నుంచైతే బస్సెక్కి రోడ్డు మీద కిలోమీటర్లు వెళ్లాలి. టికెట్ కొనేటప్పుడే టెర్మినల్ నంబరు చూసుకుంటే టెన్షన్ తగ్గుతుంది.

మనవాళ్లు చాలామంది వీల్‌చెయిర్ పెట్టించుకునేది కాళ్ల నొప్పులకే కాదు, భాష రాని చోట తోడు ఉంటారని. తప్పేం లేదు. కానీ అన్ని చోట్లా ఆ సేవ ఒకేలా ఉండదు. అంతకు ముందు ఇంకో ప్రయాణంలో, పేరెందుకులెండి, ఒక పెద్ద ఎయిర్‌పోర్టులో అమ్మని ఓ మూల కూర్చోబెట్టి "వచ్చేస్తాం" అని వెళ్లినవాళ్లు బోర్డింగ్ మొదలైనా రాలేదు. ఆవిడ చేతిలో ఫోన్ ఉంది, ఎవరికి చేయాలో తెలీదు. అప్పట్నుంచి గేటు నంబరు పెద్ద అక్షరాలతో కాగితం మీద రాసి అమ్మ చేతికే ఇస్తున్నాను.

ఇప్పుడు వైజాగ్‌లో నలుగురు చేరితే భోగాపురం కొత్త ఎయిర్‌పోర్టు మాటే. ఊళ్లోంచి సుమారు 45 కిలోమీటర్లని చాలామంది గొణుగుడు. విజయనగరం, శ్రీకాకుళం వాళ్లకి మాత్రం దగ్గరవుతుంది కదా. శంషాబాద్ కూడా హైదరాబాద్‌కి దూరమే, కానీ పుష్పక్ బస్సులు రాత్రీ పగలూ తిరగడంతో జనం అలవాటు పడ్డారు. మనకీ ఆర్టీసీ కాంప్లెక్స్ నుంచి, గాజువాక నుంచి అలాంటి బస్సులు పడాలి. అర్ధరాత్రి దిగినవాళ్లకి కూడా. లేకపోతే గాజువాక వాళ్లకి హైదరాబాద్ టికెట్ కంటే టాక్సీ బిల్లే బరువనిపిస్తుంది.