హోరు కొలిచే మీటరు: ఎనిమిది నెలలు వాడాక

మే నెలలో అమ్మ విశాఖ దగ్గరి ఆనందపురం నుంచి మా ఇంటికి వచ్చింది. మూడో రోజు పొద్దున కాఫీ గ్లాసు పట్టుకుని, "ఇక్కడ రాత్రిళ్లు రైస్ మిల్లు ఆడతాదేటే?" అని అడిగింది. మేముండేది అమెరికాలో, వర్జీనియా రాష్ట్రం లౌడన్ కౌంటీలోని ఆష్‌బర్న్‌లో. పెరటి కంచె వెనక ఒక చెట్ల వరస, దాని వెనక డేటా సెంటరు, అంటే ఇంటర్నెట్‌ను నడిపే వేల కంప్యూటర్లుండే పెద్ద భవనం. పదేళ్లుగా ఇక్కడే ఉన్నాం. ఆ హోరును పట్టించుకోవడం నేను ఎప్పుడో మానేశాను. అమ్మ అడిగిన రాత్రి మళ్లీ వినపడింది. ఇక నిద్ర పట్టలేదు.

సౌండ్ మీటరు కొన్నది అందుకే. మొదట పాతిక డాలర్లది కొని తప్పు చేశాను. దాన్ని వారంలో వెనక్కి పంపి, 140 డాలర్లు పెట్టి క్లాస్ 2 రకం (మామూలు పనులకు సరిపడా కచ్చితంగా కొలిచేది) తీసుకున్నాను. ఈ రకం చాలా కంపెనీలు చేస్తున్నాయి, లోపల పనితనం ఇంచుమించు ఒకటే కాబట్టి బ్రాండు పేరు రాయడం లేదు. కొనేముందు చూడాల్సింది ఒక్కటే, మీటరు మీద 'ఎ' తో పాటు 'సి' బటన్ ఉందా లేదా అన్నది.

'ఎ' లెక్కలో మీటరు మన చెవిలాగా వింటుంది. చెవికి తక్కువగా ఆనే లావు శబ్దాలను, అంటే గుమ్మని మోగే మంద్ర శబ్దాలను, బాగా తగ్గించి చూపిస్తుంది. 63 హెర్ట్జ్ దగ్గర (సెకనుకు 63 కంపనాలు, ఈ అంకె తగ్గేకొద్దీ శబ్దం లావు) ఏకంగా 26 డెసిబెల్స్ కోసేస్తుంది. డెసిబెల్ అంటే శబ్దం ఎంత గట్టిగా ఉందో చెప్పే కొలత. 'సి' లెక్కలో అదే చోట ఒక్క డెసిబెల్ కూడా తగ్గదు. డేటా సెంటరు కప్పు మీద వరసగా ఉండే చిల్లర్లు (చల్లబరిచే యంత్రాలు), ఫ్యాన్లు, పక్కనున్న ట్రాన్స్‌ఫార్మర్లు చేసే హోరులో ఎక్కువ భాగం ఈ లావు శబ్దమే. గోడలు, మూసిన కిటికీలు కీచు శబ్దాలను ఆపినంతగా దీన్ని ఆపలేవు. మంచం మీద పడుకుంటే దిండులోంచి వస్తున్నట్టుంటుంది.

పాతిక డాలర్ల మీటరులో 'ఎ' ఒక్కటే ఉంది. పెరట్లో అది 46 చూపిస్తే, నాదే భ్రమేమో అనుకున్నాను. కొత్త మీటరుతో అక్టోబరులో గాలి లేని ఒక రాత్రి ఒంటిగంటన్నరకు కొలిస్తే 'ఎ' 46, 'సి' 67. తేడా 21. ఈ రెండింటి మధ్య తేడా 15, 20 దాటితే లావు శబ్దం ఎక్కువగా ఉందని గుర్తు. అమ్మ పడుకునే గదిలో, తలుపులు కిటికీలు మూసి కొలిస్తే 'ఎ' 31, 'సి' 54. 'ఎ' ప్రకారం అది చాలా ప్రశాంతమైన గది. అమ్మ మాత్రం ఆ గదిలో ఆరు నెలలు సరిగ్గా నిద్రపోలేదు.

ఫోన్ యాప్‌తో సరిపెట్టుకోవచ్చు కదా అని మా ఆయన అన్నారు. ఫోన్ మైకులు మాటల కోసం చేసినవి, లావు శబ్దం వాటికి సరిగా అందదు. రెండూ పక్కపక్కన పెట్టి చూపించాక ఆయనా ఒప్పుకున్నారు.

మీటరులో లోపాలున్నాయి. పదిహేను నిమిషాలకు తనంతట తనే ఆగిపోతుంది, రాత్రంతా కొలవాలంటే ఆ సెట్టింగు ముందు తీసెయ్యాలి. నాకిది తెలియక రెండు రాత్రుల కొలతలు పోయాయి. తొమ్మిది వోల్టుల బ్యాటరీ తెల్లారేదాకా రాదు, యూఎస్‌బీ వైరు పెట్టాల్సిందే. తేదీ, టైము మనం పెట్టకపోతే ఎప్పటివో పాత తేదీలు పడతాయి, అలాంటి కొలత ఎవరికీ చూపించలేం. మైకు మీద తొడిగే స్పాంజి బంతి వదులుగా ఉంది, ఒకసారి ఉడుత ఎత్తుకుపోయింది. అది లేకుండా కొలవకండి, చిన్న గాలికే 'సి' అంకె పైకి పోతుంది. 30 డెసిబెల్స్ కంటే తక్కువ శబ్దాన్నీ, 31.5 హెర్ట్జ్ కంటే లావు శబ్దాన్నీ ఇది కొలవలేదు. ఆగస్టులో కీచురాళ్లు అరుస్తుంటే 'ఎ' 55 దాటిపోయింది, అందులో డేటా సెంటరు వాటా ఎంతో తేల్చలేం. ఆకులు రాలాక, చలిరాత్రుల్లో కొలిస్తేనే నిజం తెలుస్తుంది.

నా కొలతలన్నీ కాగితం మీద పెట్టి కౌంటీకి ఫిర్యాదు రాశాను. ఇళ్ల దగ్గర 55 డీబీఏ ('ఎ' లెక్కలో డెసిబెల్స్) దాటకూడదని నిబంధన, మీది లోపే ఉంది అని జవాబొచ్చింది. 'సి' లెక్క గురించి ఒక్క మాట లేదు. పక్కనే ప్రిన్స్ విలియం కౌంటీలో, మనాసస్ దగ్గర గ్రేట్ ఓక్ కాలనీ వాళ్లు 2022లో ఇదే హోరు మీద గొంతెత్తారు. వర్జీనియా శాసనసభ కోసం పనిచేసే ఆడిట్ సంస్థ జేలార్క్ 2024 డిసెంబరులో డేటా సెంటర్ల మీద ఇచ్చిన నివేదిక కూడా, లావు శబ్దాన్ని పట్టుకునే వేరే కొలతలు వాడుకునే అధికారం స్థానిక ప్రభుత్వాలకు ఇవ్వాలని సిఫారసు చేసింది. చదివినప్పుడు నాకు ఏడుపొచ్చినంత పనైంది.

డేటా సెంటర్ల వల్ల మేం పొందినదాన్ని దాచను. లౌడన్‌లో ఇంటి పన్ను రేటు 2016లో వంద డాలర్ల విలువకు 1.145 డాలర్లు ఉండేది. 2025కి 0.805 అయింది. లోపలి కంప్యూటర్ల మీద డేటా సెంటర్లు కట్టే పన్నే ఇందుకు పెద్ద కారణం. ఏడున్నర లక్షల డాలర్ల ఇంటికి ఏడాదికి 2,550 డాలర్ల తేడా. ఇళ్ల విలువలు పెరగడంతో బిల్లు అంత తగ్గినట్టు కనిపించదు గానీ, పాత రేటే ఉంటే నడ్డి విరిగేది. మా పిల్లల స్కూళ్లు బాగున్నాయి, ఆ డబ్బు అక్కడికీ చేరుతోంది. కరెంటు బిల్లు మాత్రం పైకే చూస్తోంది. డేటా సెంటర్ల గిరాకీ వల్ల 2040 నాటికి మామూలు ఇంటికి నెలకు 14 నుంచి 37 డాలర్లు అదనంగా పడొచ్చని అదే జేలార్క్ నివేదిక అంచనా. ఏఐ కోసం పెట్టే కంప్యూటర్లు ఇంకా ఎక్కువ వేడెక్కుతాయి, ఆ వేడంతా ఎలాగోలా బయటికి పోవాల్సిందే.

మీటరుతో నాకు పెద్ద పనికొచ్చిన కొలత మాత్రం ఆష్‌బర్న్‌లో తీసింది కాదు.

2025 అక్టోబరులో విశాఖలో గూగుల్ ఏఐ డేటా సెంటరు ప్రకటించారు. అయిదేళ్లలో 1,500 కోట్ల డాలర్ల పెట్టుబడి, కరెంటు వాడకం ఒక గిగావాట్ (వెయ్యి మెగావాట్లు) స్థాయి. అనుకున్న స్థలాల్లో ఒకటి ఆనందపురం మండలంలోని తర్లువాడ. అమ్మ ఫోన్ చూసి, "మనూరికీ వచ్చేస్తోందా" అంది. సంతోషమో భయమో నాకు అర్థం కాలేదు. డిసెంబరులో అమ్మను దింపడానికి వెళ్లినప్పుడు మీటరును బట్టల మధ్య చుట్టి సూట్‌కేసులో పెట్టుకున్నాను.

మా పెద్దమ్మ కొడుకు ఆనందపురం పూల మార్కెట్లో బంతి, చామంతి అమ్ముతాడు. "ఇంకా గోడ కూడా లెగలేదు, ఇప్పుడేటి కొలుస్తావే?" అన్నాడు. ఇప్పుడే కొలవాలన్నయ్యా అన్నాను. నా దగ్గర లేనిది అదొక్కటే. చెట్ల అవతల ఖాళీ పొలం ఉన్న రోజుల్లో మా పెరడు ఎంత నిశ్శబ్దంగా ఉండేదో చెప్పడానికి ఒక్క అంకె కూడా లేదు. ముందు ఎంతుండేదని ఎవరైనా అడిగితే నోటిమాటే దిక్కు.

డాబా మీద తెల్లవారుజామున నాలుగింటికి 'ఎ' 37, 'సి' 48. తేడా 11. అయిదింటికి పూల బస్తాల ఆటోలు కదిలాక 'ఎ' 58. మన దేశంలో 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం ఇళ్లుండే చోట పగలు 55, రాత్రి 45, అదీ 'ఎ' లెక్కలోనే. కాబట్టి అక్కడా 'సి' అంకె ఎవరికి వాళ్లు రాసి పెట్టుకోవాల్సిందే.

ఈ డేటా సెంటరుకు అనుకున్న తర్లువాడ, అడవివరం, రాంబిల్లి వైపు ఉన్నవాళ్లు నలుగురైదుగురు కలిసి ఒక మీటరు కొనుక్కోండి. ఉద్యోగాలు, పన్నులు వస్తే రానివ్వండి, నేను వద్దనను. కొలవడం మాత్రం ఆలస్యం చెయ్యకండి. లౌడన్‌లో కొత్త డేటా సెంటర్లకు బహిరంగ విచారణ లేకుండా అనుమతిచ్చే పద్ధతిని 2025 మార్చిలో గానీ తీసెయ్యలేదు. అప్పటికి మా వెనకాలది నడుస్తూనే ఉంది.

మీటరును అన్నయ్య దగ్గరే వదిలి వచ్చాను, ఇక్కడ ఇంకొకటి కొన్నాను. మొదటి ఆదివారం అతను 'ఎ' అంకె ఒక్కటే రాసి పంపాడు. ఫోన్ చేసి తిట్టాను. ఇప్పుడు ప్రతి ఆదివారం తెల్లవారుజామున, మార్కెట్‌కి బయలుదేరే ముందు, రెండు అంకెలూ తేదీతో సహా నోటుబుక్కులో రాసి ఫోటో పంపిస్తున్నాడు. నిన్నటిది: 'ఎ' 36, 'సి' 47. పక్కన అతని చేతిరాతలో "మంచు, గాలి లేదు, కోడి కూయలేదు".