గీజరా, హీట్ పంపా? విశాఖలో ఒక లెక్క, అరకులో ఇంకో లెక్క

మా అపార్ట్‌మెంట్‌లో ఒకాయన లిఫ్ట్ దగ్గర ఆపి అడిగారు: "హీట్ పంపు పెడితే కరెంటు మూడో వంతే కాలుతుందట కదండీ, గీజర్ తీసేయించనా?" తీసేయించండి అనేశాను. ఇంటికొచ్చి బకెట్ల లెక్క వేసుకుంటే నేను తొందరపడ్డానని తెలిసింది. మర్నాడు వెళ్లి ఆగమని చెప్పాను.

ఆయన విన్నమాట మాత్రం నిజమే. ఏసీ బయటి యూనిట్ పక్కన నిలబడితే వేడిగాలి కొడుతుంది కదా, అది గదిలోంచి లాగేసిన వేడి. హీట్ పంపు ఇదే పని తిరగేసి చేస్తుంది. బయటి గాలిలోని వేడిని లాగి ట్యాంకులో నీళ్లకి ఇస్తుంది. కరెంటు పోయేది కంప్రెసర్, ఫ్యాన్ తిప్పడానికే. అందుకే ఒక యూనిట్ కరెంటుకి సుమారు మూడు యూనిట్ల వేడి వస్తుంది. మన విశాఖ గాలి జనవరి తెల్లవారుజామున కూడా మరీ చల్లబడదు కాబట్టి, మంచు దేశాల్లో పడేంత కష్టం ఇక్కడ ఆ యంత్రానికి లేదు.

గీజర్ కాయిల్ ఒక యూనిట్ తీసుకుని ఒక యూనిట్ వేడి ఇస్తుంది. అంతకన్నా పొదుపైన కాయిల్ అంటూ ఏదీ లేదు, ఉందని ఎవరు చెప్పినా నమ్మకండి. స్టార్లు ఎక్కువున్న గీజర్ గొప్పతనమంతా, కాగిన నీళ్లు చల్లారకుండా ట్యాంకు చుట్టూ వేసిన పొరలో ఉంది.

ఇప్పుడు బకెట్లు. ఇంట్లో నలుగురు, మనిషికి 20 లీటర్ల బకెట్ ఒకటి. చలికాలం పొద్దున్న డాబా మీది ట్యాంకులో నీళ్లు 24 డిగ్రీలు అనుకుందాం, స్నానానికి 40 చాలు. ఆ 80 లీటర్లు కాగడానికి కావలసింది ఒకటిన్నర యూనిట్. వృథా కలిపి రెండు వేసుకున్నా నెలకి 60 యూనిట్లు. హీట్ పంపుకి 20 చాలు. మిగిలిన 40 యూనిట్లని ఆరు రూపాయల శ్లాబులో లెక్కేస్తే నెలకి 240. మే నెలలో మధ్యాహ్నం కుళాయి తిప్పితే నీళ్లు చెయ్యి కాలుస్తాయి, అప్పుడు గీజర్ స్విచ్ జోలికి ఎవరెళ్తారు? గట్టిగా వాడేది ఏడాదికి నాలుగు నెలలు. అంటే మిగిలేది వెయ్యి రూపాయలు. 15 లీటర్ల గీజర్ పదివేల లోపు దొరుకుతుంది. ట్యాంకుతో సహా ఇంటి హీట్ పంపుకి నేను వాకబు చేసిన చోట్ల 60 వేల పైనే చెప్పారు. ఆ తేడా తిరిగి వచ్చేలోపు యంత్రమే పాతబడిపోతుంది.

పైగా ఇది సముద్రం ఊరు. బీచ్ రోడ్డు, లాసన్స్ బే వైపు ఇళ్లవాళ్లకి ఉప్పుగాలి సంగతి నేను చెప్పక్కర్లేదు. మా ఏసీ బయటి యూనిట్‌ని మొన్న సర్వీసుకి విప్పితే, వెనక అల్యూమినియం రేకులు తెల్లబారి ఉన్నాయి. వేలితో రాస్తే పొడిపొడిగా రాలాయి. హీట్ పంపుకీ అలాంటి రేకులే ఉంటాయి, అదీ బయటిగాలిలో ఉండాల్సిందే. బాత్రూంలో ఉండే గీజర్‌కి ఈ బాధ లేదు, దాని శత్రువు బోరు నీళ్లు. కాయిల్ బయటకి లాగితే సున్నపు పెంకు కట్టి బొటనవేలంత లావైంది, స్క్రూడ్రైవర్‌తో తడితే పెళ్లలుగా ఊడింది. కానీ అది అరగంట పని, కాయిల్ మార్చినా వందల్లోనే అయిపోతుంది.

పెద్ద ఉమ్మడి కుటుంబం, ఏడాది పొడుగునా వేడినీళ్లే కావాలనే పెద్దవాళ్లు, బిల్లు ప్రతి నెలా 225 యూనిట్లు దాటి యూనిట్‌కి 8.75 పడటం, డాబా మీద సోలార్ కరెంటు ఉండటం, ఇవన్నీ కలిసిన ఇంటికి హీట్ పంపు ఆలోచించొచ్చు. మధ్యాహ్నం ఎండవేళ నడిపి ట్యాంకు నింపుకోవచ్చు. చుట్టాలొచ్చి ఒకేసారి అందరూ స్నానాలకి లేస్తే మాత్రం, ట్యాంకు ఖాళీ అయ్యాక మళ్లీ కాగడానికి గంటలు పడుతుంది. రెండు కిలోవాట్ల గీజర్ 15 లీటర్లని పది నిమిషాల్లో సిద్ధం చేస్తుంది. మామూలు ఫ్లాట్‌కి నా ఓటు గీజర్‌కే, ఎర్తింగ్ సరిగా ఉందో లేదో ఎలక్ట్రీషియన్‌తో చూపించాకే సుమండీ.

అరకులో ఉండే మా అక్క వాళ్లింటికి వెళ్తే లెక్క తిరగబడింది. అక్కడ వేడెక్కాల్సింది గది. డిసెంబరు, జనవరి రాత్రుళ్లు పది డిగ్రీల లోపుకి పడిపోతాయి. వాళ్ల అత్తగారి గదిలో రెండు కిలోవాట్ల ఆయిల్ హీటర్ రాత్రంతా ఆన్‌లోనే ఉంటుంది. అది సగం సేపు ఆగి ఆగి నడిచినా ఎనిమిది గంటలకి ఎనిమిది యూనిట్లు. అదే గదిని హాట్ అండ్ కోల్డ్ ఇన్వర్టర్ ఏసీ మూడు యూనిట్లతో వెచ్చగా ఉంచగలదు. అదీ హీట్ పంపే. రోజుకి ఐదు, నెలకి 150 యూనిట్ల తేడా. ఎండాకాలం చల్లదనానికీ అదే యంత్రం పనికొస్తుంది, మామూలు ఏసీ మీద పెట్టే అదనం కొన్ని వేలే.

"మరి బావ కుంపటి చాలంటున్నాడే" అంది అక్క. తలుపులేసిన గదిలో బొగ్గుల కుంపటి వద్దే వద్దని గట్టిగా చెప్పాను. దాంట్లోంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది. హీటర్ పాతదైనా ఫరవాలేదు, ఏసీ వచ్చేదాకా దాన్నే వాడమన్నాను. ఏసీ కొనేటప్పుడు బయట ఎన్ని డిగ్రీల దాకా వేడి మోడ్ పనిచేస్తుందో షాపులో అడగమన్నాను. పొగమంచు పట్టిన రాత్రి బయటి యూనిట్ మీద మంచు పేరుకుంటే, అది కరిగేదాకా వేడిగాలి కొన్ని నిమిషాలు ఆగుతుంది. పాడైందని కంగారుపడి మెకానిక్‌ని పిలవక్కర్లేదు.