పాత మౌజర్‌కు కొత్త బ్యారెల్: ఏ తూటా మేలు?

రెండో ప్రపంచ యుద్ధం తర్వాత అమెరికాలో జర్మన్ మౌజర్ 98 రైఫిళ్లకు కొదవ లేకుండా పోయింది. కొన్ని సైనికులు వెంట తెచ్చుకున్నవి, మరికొన్ని వ్యాపారులు దిగుమతి చేసుకుని చౌకగా అమ్మినవి. వాటి బోల్టును (తూటాను లోపలికి తోసి మూసే కడ్డీ), అది కదిలే ఉక్కు చట్రమైన రిసీవర్‌ను, అంటే యాక్షన్‌ను మాత్రం ఉంచుకుని, బ్యారెల్, కర్ర భాగమైన స్టాక్ మార్చి వేట రైఫిళ్లుగా తీర్చడం అక్కడి తుపాకి మేస్త్రీలకు కొన్ని దశాబ్దాల పాటు తెగని పని. ఆ పనిలో మొదటి ప్రశ్న తూటాదే. చాలామంది వేగం, శక్తి పట్టికలు ముందేసుకుని ఎంచుకుంటారు. నా కొలమానం వేరు: ఏ తూటా కోసం యాక్షన్‌లో తక్కువ లోహం కోయాల్సి వస్తుందో అదే మేలు.

ఎందుకంటే రూపకర్త మౌజర్ తన రైఫిల్లో తూటాలుండే మాగజైన్‌ను తూటా కొలతను బట్టి కట్టాడు. 1898లో జర్మన్ సైన్యం తీసుకున్న ఈ రైఫిల్ 8×57 తూటాకు (గుండు సుమారు 8 మిల్లీమీటర్ల వ్యాసం, కేసు 57 మిల్లీమీటర్ల పొడవు) పుట్టింది. ఆ తూటా మొత్తం పొడవు 82 మిల్లీమీటర్లు. మాగజైన్ లోపలి పొడవు సుమారు 84. తూటాలను పట్టి ఉంచే పట్టాల వెడల్పు, వాలు కూడా ఆ తూటా కేసు, అంటే మందు పట్టే ఇత్తడి గొట్టం, ఆకారానికి తగ్గవే. పైగా పాత రిసీవర్లలో చాలావాటికి ఉపరితలం మాత్రమే గట్టిగా ఉంటుంది, లోపలి ఉక్కు మెత్తన. ఆ పై పొరను అరగదీస్తే బోల్టును బిగించే పళ్లు ఆనే చోట కాలక్రమంలో గుంట పడుతుంది, బోల్టుకూ తూటాకూ మధ్య ఖాళీ పెరుగుతుంది. మెరుపు కోసం అతిగా పాలిష్ పట్టిన రిసీవర్‌ను చూస్తే నాకు ముచ్చట కన్నా అనుమానమే ముందు కలుగుతుంది.

అమెరికన్లు అన్నిటికన్నా ఎక్కువగా ఎంచుకున్నది .30-06. కారణం తేలికే. 1906 నుంచి వాళ్ల సైనిక తూటా అది, ఏ చిన్న ఊరి దుకాణంలోనైనా దొరుకుతుంది. కేసు అడుగు వ్యాసం మౌజర్ తూటాదే, సుమారు 12 మిల్లీమీటర్లు, కాబట్టి బోల్టు ముఖాన్ని ముట్టుకోనక్కరలేదు. చిక్కంతా పొడవులో ఉంది: గరిష్ఠంగా 84.8 మిల్లీమీటర్లు. మాగజైన్ గోడను కాస్త పలచన చేస్తేగాని సాఫీగా దిగదు. జర్మన్లు వదిలి వెళ్లిన మౌజర్లను నార్వే యుద్ధం తర్వాత ఈ తూటాకే మార్చుకుని వాడింది కాబట్టి పని జరగదని ఎవరూ అనలేరు. కానీ యుగోస్లావియా ఎమ్48 దగ్గర ఆగాలి. చూపుకు అదీ మౌజరే, కానీ దాని యాక్షన్ సుమారు ఆరు మిల్లీమీటర్లు పొట్టి. అందులో .30-06 ఇరికించాలనుకునేవారు చౌకగా కొన్న రైఫిల్ మీద ఖరీదైన కోత మొదలుపెడుతున్నారన్నమాట.

బ్యారెల్ కూడా మార్చకుండా పని ముగించే దారి ఒకటి ఉండేది: 8 మిల్లీమీటర్ల-06. పాత సైనిక బ్యారెల్ అలాగే ఉంచి, తూటా కూర్చునే ఛాంబర్‌ను మాత్రం .30-06 కేసు పట్టేంత పొడిగించడం. అప్పట్లో ఇది తెలివైన పనే. 8 మిల్లీమీటర్ల మౌజర్ తూటా అమెరికాలో సులువుగా దొరికేది కాదు, .30-06 ఖాళీ కేసులు మాత్రం కావలసినన్ని. ఇప్పుడు ఆ వాదనకు కాళ్లు లేవు. ఫ్యాక్టరీ తూటా లేదు, ప్రతిదీ ఇంట్లో నింపుకోవాలి. యూరప్‌లో తయారైన 8×57 తూటాలు ఇప్పుడు అమెరికాలోనూ అమ్ముతున్నారు. పోతే, 8×57 బలహీనమన్న పేరుకు కారణం తూటా కాదు. 1888 నాటి పాత రైఫిళ్లలో బ్యారెల్ లోపలి రంధ్రం కాస్త ఇరుకు. వాటిలో పేల్చినా ప్రమాదం రాకూడదని అమెరికన్ ప్రమాణాల సంస్థ దీని గరిష్ఠ పీడనాన్ని చదరపు అంగుళానికి 35,000 పౌండ్ల దగ్గరే ఆపింది. అదే సంస్థ .30-06కు 60,000 ఇచ్చింది. యూరప్ కంపెనీలు నింపిన 8×57 వేగం చూస్తే .30-06తో దాదాపు భుజం కలుపుతుంది. మంచి మౌజర్ 98లో అసలు బ్యారెల్ బాగుంటే, దేన్నీ మార్చకపోవడమే అన్నిటికన్నా గట్టి ఎంపిక కావచ్చు.

బ్యారెల్ అరిగిపోయిందనుకుందాం, మార్చక తప్పదు. అప్పుడు నా ఓటు 7×57కు. స్పెయిన్ 1893లో సైన్యానికి తీసుకున్న తూటా ఇది. పొడవు 78 మిల్లీమీటర్లు. 8×57కు తమ్ముడి వరుస కాబట్టి కేసు అడుగు అదే, మాగజైన్, పట్టాలు దాదాపు అలాగే సరిపోతాయి. తొమ్మిది గ్రాముల గుండును సెకనుకు సుమారు 810 మీటర్ల వేగంతో పంపుతుంది, భుజం మీద తన్ను తక్కువ. బ్రిటిష్ వాళ్లు దీన్నే .275 రిగ్బీ అని పిలిచారు. 1907లో చంపావత్ ఆడపులిని చంపినందుకు జిమ్ కార్బెట్‌కు బహుమతిగా ఇచ్చిన రైఫిల్ ఈ తూటాదే, మౌజర్ యాక్షన్ మీద కట్టినదే. పట్టికలో .30-06 పక్కన ఇది చిన్నగా కనిపిస్తుంది. జింకల వేటలో ఆ తేడా ఉపయోగపడే సందర్భాలు వేటగాళ్లు చెప్పుకునేంత ఎక్కువ కావు.

.308 సంగతి వేరు. పొడవు 71 మిల్లీమీటర్లే, మౌజర్ మాగజైన్‌లో ముందూ వెనుకా కదులుతుంది, వెనుక దిమ్మె పెట్టాలి. అయినా ఇజ్రాయెల్ తన జర్మన్ మౌజర్లను దీని సైనిక రూపమైన 7.62కు మార్చింది, పొరపాటు జరగకుండా స్టాక్ మీద 7.62 అని పెద్ద అక్షరాల్లో కాల్చి ముద్రవేసింది. చౌక తూటాలతో లక్ష్య సాధనే ప్రధానమైతే దీన్ని కాదనలేం. అయితే ఈ కొలతకే స్పెయిన్ మార్చుకున్న రైఫిల్ ఎఫ్‌ఆర్-7 కథ మరిచిపోకూడదు. దానికి ఆధారం 98 కాదు, అంతకు ముందు తరం యాక్షన్. స్వీడన్ 96, స్పెయిన్ 1916 లాంటి రైఫిళ్లలో బోల్టుకు మూడో పన్ను లేదు, రిసీవర్ ముందు రింగు చిన్నది. అటువంటివాటిని అధిక పీడన తూటాలకు దూరంగా ఉంచితే అందరికీ క్షేమం.

.35 వేలెన్ 1922లో పుట్టింది. .30-06 కేసు మెడను .358 అంగుళాలకు వెడల్పు చేస్తే వచ్చినది. దుప్పి, ఎలుగు లాంటి పెద్ద జంతువుల్ని దట్టమైన అడవిలో దగ్గరనుంచి వేటాడేవారికి నిజంగా పనికొస్తుంది. .30-06 బ్యారెల్ అరిగినవారికి దీనికి మారడం సులువు. మందు ఎక్కువ పట్టే పెద్ద కేసు తూటాలైన మాగ్నమ్‌ల గురించి మాత్రం మొహమాటం లేకుండా చెబుతాను: వద్దు. వాటి కేసు అడుగు 13.5 మిల్లీమీటర్లు, బోల్టు ముఖం తొలచాలి, పట్టాలు గీకాలి. .375 మాగ్నమ్ తూటా పొడవు 91 మిల్లీమీటర్లు దాటుతుంది. దానికి చోటు చేయాలంటే బోల్టు కింది పన్నుకు ఆసరాగా ఉన్న లోహాన్నే తీసేయాలి. ఇలాంటి తూటాల కోసమే మౌజర్ ఫ్యాక్టరీ వేరుగా పొడుగు యాక్షన్లు తయారు చేసింది.

తూటాను ఒక్కోసారి చట్టమే ఎంచుతుంది. అందుకు మంచి ఉదాహరణ మన దేశమే. 1907లో ఇండియాలో .450 క్యాలిబర్ రైఫిళ్లను బ్రిటిష్ ప్రభుత్వం నిషేధించింది. లండన్ తయారీదారులు ఊరుకోలేదు, .465, .470, .475 అంటూ పక్కపక్క కొలతలతో కొత్త తూటాలు తెచ్చారు. సైనిక తూటా .303 పౌరులకు అందకూడదన్న నిబంధన నుంచే .315 వచ్చింది. ఆస్ట్రియా వాళ్ల 8×50 మాన్‌లిఖర్ కేసు దానికి మూలం. ఇప్పటికీ మన లైసెన్సుదారుల చేతుల్లో కనిపించే రైఫిల్ అది. ఇక 1959 ఆయుధ చట్టం ప్రకారం తుపాకిని ఒక రూపం నుంచి మరో రూపానికి మార్చే పనికి ప్రత్యేకంగా లైసెన్సు ఉండాలి. కాబట్టి హైదరాబాద్‌లో ఉన్నవారికి ఈ పోలిక చదువుకోవడానికే. టెక్సాస్‌లో ఉన్న మనవాళ్లకు మాత్రం అక్కడి నియమాలకు లోబడి ఇది నిజమైన ప్రశ్న.

వాళ్లు ముందు చూసుకోవలసింది రైఫిల్ మీది నంబర్లు. యాక్షన్, బోల్టు, బ్యారెల్, మాగజైన్ అడుగు పలక అన్నిటిపైనా ఒకే సైనిక నంబరు ఉంటే దాన్ని కోయవద్దు, సేకర్తలు ఇచ్చే ధర ఏ వేట రైఫిల్‌కూ రాదు. కొత్త బ్యారెల్, స్కోపు కోసం రంధ్రాలు, దానికి తగలకుండా వంచాల్సిన బోల్టు పిడి, మార్చాల్సిన సేఫ్టీ మీట, స్టాక్, నలుపు పూత అన్నీ కలిపితే కొత్త ఫ్యాక్టరీ రైఫిల్ ధర సులువుగా దాటుతుంది. కాబట్టి ఎవరో ఇదివరకే స్టాక్ కోసి, రంధ్రాలు వేసి, సగంలో వదిలేసిన మౌజర్‌ను వెతకండి. రిసీవర్ గట్టిదనాన్ని అర్హత గల మేస్త్రితో పరీక్ష చేయించి, 7×57 బ్యారెల్ పెట్టించండి. పాత తూటా పేరు ముద్ర ఉంటే చెరిపించి, ఆ తూటా పేరు బ్యారెల్ మీద స్పష్టంగా చెక్కించాకే డబ్బు చెల్లించండి.