ఆకుల్లో యాంటీఆక్సిడెంట్లు: టీఎల్‌సీ ప్లేటా, హెచ్‌పీఎల్‌సీ యంత్రమా?

ఆకు సారంలో యాంటీఆక్సిడెంట్లు (ఫ్రీ రాడికల్స్ అనే చురుకైన అణువులను అణిచే పదార్థాలు) ఉన్నాయని తెలిస్తే సరిపోదు, అవి ఏవో తేల్చాలి. సారంలోని పదార్థాలను విడదీసే దారులు రెండు: టీఎల్‌సీ (పలుచని పొర క్రొమటోగ్రఫీ), హెచ్‌పీఎల్‌సీ (ద్రవాన్ని పీడనంతో కాలమ్ గుండా పంపే క్రొమటోగ్రఫీ).

టీఎల్‌సీలో సిలికా పూసిన ప్లేటు మీద సారాన్ని చుక్కగా పెట్టి, ద్రావణిని పైకి పాకనిస్తారు. పదార్థాలు వేరువేరు ఎత్తుల్లో ఆగుతాయి. ఆరాక డీపీపీహెచ్ (యాంటీఆక్సిడెంట్ తగిలితే రంగు మారే ఊదారంగు ఫ్రీ రాడికల్) ద్రావణం చల్లితే ప్లేటంతా ఊదారంగు, యాంటీఆక్సిడెంట్ ఉన్నచోట మాత్రం పసుపు మచ్చ. (కెరోటినాయిడ్లు ముందే పసుపు. అందుకే చల్లకముందే ప్లేటును ఫొటో తీసి పెట్టుకోవాలి.) ఖర్చు తక్కువ, ఫలితం కంటికే కనిపిస్తుంది. కానీ ఆ మచ్చలో ఉన్నది ఒకే పదార్థమన్న నమ్మకం లేదు, పేరు అసలే చెప్పదు.

హెచ్‌పీఎల్‌సీ పేరు దగ్గరికి తీసుకెళ్తుంది. సీ18 కాలమ్ (పదార్థాలను విడదీసే గొట్టం) నుంచి ఒక్కో పదార్థం బయటికొచ్చే సమయాన్ని క్వెర్సెటిన్, రుటిన్ లాంటి తెలిసిన యాంటీఆక్సిడెంట్ల ప్రామాణిక నమూనాలతో పోలుస్తారు. ఎంత ఉందో కూడా లెక్కకట్టొచ్చు. అయితే గ్రాఫులో పెద్ద పీక్ (శిఖరం) కనిపించగానే అదే హీరో అనుకోవడం పొరపాటు. యూవీ డిటెక్టర్ కొలిచేది కాంతిని ఎంత పీల్చిందో, ఫ్రీ రాడికల్‌ని ఎంత అణిచిందో కాదు. అణుభారం తేల్చే మాస్ స్పెక్ట్రోమీటర్ జోడించినా చిక్కులుంటాయి: క్వెర్సెటిన్, మోరిన్ రెండింటి అణుభారమూ 302. ఇక సారాన్ని సరిగ్గా వడపోయకుండా ఎక్కిస్తే కాలమ్ మూసుకుపోతుంది, ఆ టెన్షన్ వేరు.

నన్నడిగితే ముందు ప్లేటే. ఒకేలాంటివి రెండు నడిపి, ఒకదాని మీదే డీపీపీహెచ్ చల్లుతాను. పసుపు మచ్చ వచ్చిన ఎత్తులో రెండో ప్లేటు సిలికాను గీకి, మెథనాల్‌తో పదార్థాన్ని లాగి, వడపోసి హెచ్‌పీఎల్‌సీకి పంపుతాను.